పలికే పలక

అవ్వ మూడో పలకను కూడా వేలి కణుపుతో కొట్టింది. టంగుమని ఇల్లంతా వినబడింది. నా ఒళ్ళో కూర్చున్న పాప తల తిప్పలేదు.

నాకు భయం పుట్టిన క్షణం కచ్చితంగా అదే. మొదటి రెండు పలకలకు తిరగనప్పుడు నేనూ అందరితో పాటు నవ్వాను. మూడోదానికీ తిరగకపోయేసరికి హాల్లో ఉన్న చుట్టాలు ఇంకా గట్టిగా నవ్వారు. "మీ ఇంటి పిల్లే వదినా, ఇంగ అనుమానమే ల్యా" అని పక్కింటావిడ మా అత్తను ఆటపట్టించింది. నేను మాత్రం వెనక్కి తిరిగి అవ్వను చూశాను. ఆమె నవ్వడం లేదు. మడిచిన వేలు పలకకు జానెడు దూరంలో గాల్లోనే ఆగిపోయి ఉంది. చూపు పాప మెడ మీద ఉంది.

ఇది జరిగి మూడేళ్ళయింది. మా వీధికి పలకలు తెచ్చే ఆ అవ్వ నిన్న తెల్లవారుజామున పోయింది. ఇవాళ మధ్యాహ్నం మట్టి చేశారు. రేపు శ్రీపంచమి, మా చిన్నోడి అక్షరాభ్యాసం. పిల్లలిద్దరూ నిద్రపోయారు. నాకు నిద్ర పట్టక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదురుగా గోడకు ఆనించి మూడు పలకలు ఆరబెట్టి ఉన్నాయి. అవ్వ తెచ్చిన చివరి పలకలు అవే.

నేను పొదిలి దాన్ని. మా వైపు అక్షరాభ్యాసమంటే పళ్ళెంలో బియ్యం, పూజారి, పిల్లల ఏడుపు, నానబెట్టిన శనగలు. అంతటితో అయిపోతుంది. పెళ్ళయి మార్కాపురం వచ్చాకే, మా అత్తగారి వీధిలో పలకకు కూడా ఒక తంతు ఉందని తెలిసింది. మాది పుస్తకాల దుకాణం. గుమ్మానికి రంగురంగుల ప్లాస్టిక్ పలకలు దండల్లా వేలాడుతుంటాయి. అయినా మా ఇంటి అక్షరాభ్యాసానికి మా దుకాణంలో పలక పనికిరాదు. అవ్వ తేవాలి. అదీ రాతి పలక, చెక్క చట్రం ఉన్నది.

మూడు తెస్తుంది. పిల్లను తల్లి ఒళ్ళో, అవ్వ వైపు వీపు పెట్టి కూర్చోబెట్టాలి. అవ్వ వెనక చాప మీద కూర్చుని, ఒక్కో పలకను మూల దగ్గర రెండు వేళ్ళతో వేలాడదీసి పట్టుకుని, కుడిచేతి వేలు మడిచి కొడుతుంది. ఏ పలక చప్పుడుకు పిల్ల తల తిప్పి చూస్తుందో అది ఆ పిల్ల పలక. మిగతా రెండూ పేరంటానికి వచ్చిన పిల్లలకు. పూజారి గారికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఇది అయ్యేదాకా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

ఇది ఏ శాస్త్రంలో ఉందని అత్తను అడిగాను.

"మా అత్త చేసింది, నేను చేసినా. నువ్వూ చెయ్యి" అంది.

అవ్వను అడిగితే అసలు సంగతి బయటపడింది. వెనకెప్పుడో మా వీధిలోనే ఒక పిల్లవాడు బియ్యం పళ్ళెం ముందు కూర్చోనని ఒకటే రాగం పెట్టాడట. పలకలిచ్చి పోదామని వచ్చిన అవ్వ, ఆ ఏడుపు భరించలేక వాడి వీపు వెనక పలక కొట్టిందట. వాడు ఏడుపు మానేసి తిరిగి చూశాడట.

"అంతే కోడలుపిల్లా. ఆ పొద్దు నుంచి మీ ఈదోళ్ళు ఇడిస్తేనా నన్ను! అదేందో మీ దేవుడు చెప్పినట్టే పట్టుకున్నారు. మీ దేవునికన్నా తెల్సో లేదో ఈ సంగతి."

అవ్వది చర్చి కుటుంబం. కంభం దారిలో, బస్సు దిగి కొంచెం లోపలికి నడవాల్సిన ఊరు. చిన్నప్పటి నుంచి పలకల కార్ఖానాలో చట్రాలు బిగించే పని. ప్లాస్టిక్ పలకలు వచ్చాక కార్ఖానా వాళ్ళు అదే రాయిని నేలకు పరిచే బిళ్ళలుగా కోయడం మొదలుపెట్టారు. అవ్వ అక్కడా కొన్నాళ్ళు చేసింది. "ఇంతకుముందు మన రాయి మీద పిల్లోళ్ళు రాసేటోళ్ళు. ఇప్పుడు పెద్దోళ్ళు చెప్పులేసుకోని నడుస్తుండారు" అనేది. ఆ మాటలో బాధేమీ ఉండేది కాదు. నవ్వుకుంటూ చెప్పేది.

మంచి పలకను ఆమె మంచిదనేది కాదు. "ఇది పలుకుతాది" అనేది. లోపల కంటికి కనబడని సన్న పగులు ఉన్నదాన్ని కొడితే డబ్బుమంటుంది. దాన్ని పక్కన పెట్టి "ఇది పలకదు" అనేది. మంచీ చెడూ చెప్పడానికి ఆమెకు ఆ రెండు మాటలు సరిపోయేవి. ఆ వేలు పలకలతో ఊరుకునేది కూడా కాదు. వంటింట్లోకి వస్తే గిన్నెలు కొట్టి చూసేది. బండి మీద పుచ్చకాయలు సరే, అందరూ కొడతారు. అవ్వ సొరకాయను కొట్టేది, గ్యాస్ సిలిండర్‌ను కొట్టేది. మా ఆయన మోజుపడి కొన్న కొత్త బీరువాను కొట్టి, "పైనే చెక్క నాయనా, లోపలంతా అట్ట" అని తేల్చేసింది. ఆయన వారం రోజులు ఆ బీరువా వైపు చూడలేదు. మేం ఇంటికి కొత్త గచ్చు వేయించినప్పుడు, వంగి వంగి బిళ్ళబిళ్ళా కొట్టుకుంటూ పోయి, ఎనిమిది చోట్ల సుద్దతో గుర్తు పెట్టింది. "ఈడ కింద సిమెంట్ నిండలా." మేస్త్రీ ఆమెను చంపేసేలా చూశాడు. ఎనిమిదీ ఊడదీసి మళ్ళీ వేయాల్సి వచ్చింది.

ఇన్ని పలకలు చేసిన మనిషికి అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం వచ్చు, డజన్లు లెక్కపెట్టిన అలవాటు. ఆదివారాలు వాళ్ళ చర్చిలో ఆ రోజు పాడే పాటల నంబర్లు పలక మీద రాసి గుమ్మం పక్కన తగిలించేది ఆమే. ఒకసారి అడిగాను.

"ఇన్ని వేల పలకలు చేసినావు గదా అవ్వా, ఒక్కదాని మీదన్నా అ ఆలు దిద్దాలనిపియ్యలేదా?"

"వంట చేసేటోళ్ళు ముందే ఎంగిలి చేస్తారా ఎవురన్నా?" అంది.

అక్షరాభ్యాసం అయ్యాక మా అత్త ఆమెకు తాంబూలం ఇచ్చేది. ఇచ్చిన ప్రతిసారీ, అలవాటు కొద్దీ, ఆకూ వక్కతో పాటు కుంకుమ భరిణె కూడా ముందుకు చాపేది. అవ్వ ప్రతిసారీ రెండు చేతులూ వెనక్కి తీసుకుని, "ఆకూ వక్కా ఇయ్యి శెట్టెమ్మా, కుంకం నీ కాడ్నే పెట్టుకో" అనేది. అత్త నాలుక కరుచుకునేది. ముప్పై ఏళ్ళుగా ఇదే జరుగుతోందట. అత్తకు మతిమరుపు లేదు. ఫలానా పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలదు. భరిణె దగ్గర మాత్రం ప్రతిసారీ మరిచిపోయేది. ఇద్దరికీ ఆ ముక్క జరగకపోతే తాంబూలం ఇచ్చినట్టు ఉండేది కాదేమో.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంట్లో పలకకపోవడం వంశపారంపర్యం. మా మామను పేపరు చదువుతుండగా పిలిస్తే పలకడు. మా ఆయనను ఎప్పుడు పిలిచినా పలకడు. నాలుగోసారి అరిస్తే "ఏంది, చెవుడా నాకు?" అంటాడు. ఆయన అక్షరాభ్యాసానికి కూడా పలకలు తెచ్చింది అవ్వే. "నీ మొగుడు మూడో పలకకు తిరిగినాడు. అదీ సగమే తిరిగినాడు. అప్పుడే చెప్పినా మీ అత్తకు, వచ్చే కోడలికి గొంతు బాగుండాలని" అని నా పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది.

అందుకే పాప పిలిస్తే పలకకపోతే మా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. పైగా మురిసిపోయారు. "అచ్చు వాళ్ళ తాతే" అని మా మామ, "నా కూతురు గదా" అని మా ఆయన. మూడేళ్ళు నిండుతున్నా మాటలు సరిగ్గా రాలేదు. అమ్మ, బువ్వ, పో, దా. 'చాక్లెట్' అనడానికి 'ఆకే' అనేది. "వీడు నాలుగేండ్లకు మాట్లాడినాడు" అని అత్త మా ఆయనను చూపించేది. నేను ఊరికే భయపడే మనిషిని. పిల్ల తుమ్మితే థర్మామీటరు తీస్తాను, రెండుసార్లు తుమ్మితే ఫోన్‌లో వెతుకుతాను. అలాంటి నేను కూడా, ఇన్ని భయాల మధ్య, ఈ ఒక్కదాన్ని వదిలేశాను. షట్టరు దించితే పాప ఉలిక్కిపడేది. మేళం వస్తే గెంతేది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ రోజుకు వస్తాను. అవ్వ వేలు గాల్లో ఆగింది అన్నాను కదా. ఎంతసేపు ఆగిందో తెలియదు, రెండు క్షణాలుంటుందేమో. ఆ తర్వాత ఆమె మోకాళ్ళ మీద జరుగుతూ నా పక్క నుంచి పాప ముందుకు వచ్చింది. ఇదివరకు ఎవరి ఇంట్లోనూ అలా చేయలేదట. పాప కుడిచెయ్యి తీసుకుని, అరచేతిని పలక మీద పరిచి, పలక వెనక నుంచి మెల్లగా కొట్టింది. పాప కళ్ళు పెద్దవయ్యాయి. చేతిని చూసుకుంది. పలకను చూసింది. అవ్వ మళ్ళీ కొట్టింది. పాప కిలకిలా నవ్వింది.

"ఇదే. ఇది బిడ్డకు పలికింది" అని అవ్వ అందరికీ వినబడేలా ప్రకటించింది. "పూజారయ్యా, ఫోన్ లోపల పెట్టు. కానియ్యి."

అందరూ నవ్వారు. బియ్యంలో పాప వేలు పట్టుకుని రాయించాం. శనగలు పంచాం. అత్త కుంకుమ భరిణె చాపింది, అవ్వ ఆ మాట అంది. అన్నీ సవ్యంగా జరిగిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. ఒక్క ఫోటోలో నా చూపు మాత్రం వేరే ఎక్కడో ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అవ్వ మళ్ళీ వచ్చింది. కాఫీ తాగింది. "శెట్టెమ్మా, రవ్వంత పాత చింతపండు ఉంటే ఇయ్యవా" అని అత్తను లోపలికి పంపింది. పాప నేల మీద కూర్చుని డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. అవ్వ కొంగు ముడి విప్పి రెండు బలపాలు తీసి, పాప వెనక చేరి, ఒకదానితో ఒకటి టకటకలాడించింది. పాప డబ్బాలు పేరుస్తూనే ఉంది.

"కోడలుపిల్లా, బిడ్డకు చెవులు చూపీ."

నాకు ఒళ్ళు మండింది. తెలిసిన సంగతిని ఇంకొకరు చెబితే వచ్చే మంట అది.

"నా బిడ్డకు ఏం కాలా. షట్టర్ ఏస్తే ఉలిక్కిపడతాది. మేళం ఇంటే ఎగురుతాది."

"పెద్ద చప్పుడు అందుతుండాది. సన్నది అందడం ల్యా."

"నువ్వేమన్నా డాక్టరా? నీ పలకలు నువ్వు చూసుకో అవ్వా."

"పలకలే గదమ్మా నేను చూసేది. ఇంగేం తెల్సు నాకు?"

"అంటే ఏంది, నా బిడ్డ పగిలిన పలకనా?"

అవ్వ కోపం తెచ్చుకోలేదు. బలపాలు కొంగులో ముడేసుకుంది. "అట్లెందుకు అంటా తల్లీ! పలక బంగారంగుండాది. నా చప్పుడే దాని కాడికి పోవడం ల్యా. ఆ పొద్దు చెయ్యి పెట్టినాంక నవ్విందా, లేదా?"

అంతలో అత్త చింతపండుతో వచ్చింది. అవ్వ పొట్లం తీసుకుని, వాసన చూసి, "ఇది పోయినేడుది గదా శెట్టెమ్మా, పాతదంటే ఇంకా నల్లగుండాల" అని ఒక వంక పెట్టి మరీ వెళ్ళింది.

నేను రెండు వారాలు అవ్వ మీద కోపంతో గడిపాను. పాప వెనక నిలబడి గరిటెలు పడేశాను, గాజులు గలగలలాడించాను, తాళాల గుత్తి ఊపాను. గరిటె పడితే తిరిగేది, గాజులకు తిరిగేది కాదు. గరిటెను లెక్కలోకి తీసుకుని గాజులను వదిలేసేదాన్ని. ఆ రెండు వారాల్లో అవ్వ నాలుగైదుసార్లు మా దుకాణం ముందు నుంచి పోయింది. ఆటోలోంచి తల బయటపెట్టి ఒక్కటే మాట అడిగేది.

"పోయినారా?"

నేను వినబడనట్టు ఉండేదాన్ని. మా ఇంటి మనిషిని కదా. మా ఆయన ఒకరోజు "ఎవురు పోయినారు? యాడికి?" అని అడిగాడు. అప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను, ఏడుస్తూ. ఆయనను నాలుగుసార్లు పిలవాల్సిన పని పడలేదు. మర్నాడే రైలెక్కి గుంటూరు వెళ్ళాం.

అక్కడ పాపను నిద్రపుచ్చి పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. అవ్వ చెప్పిన మాటే చెప్పింది, కొంచెం పెద్ద మాటల్లో. లావు శబ్దాలు అందుతున్నాయి, సన్నవి అందడం లేదు. రెండు చెవులకూ మిషన్లు పెట్టాలి, మాటలు నేర్పించాలి. "ఎవరు గమనించారు ముందు?" అని అడిగింది. "పలకలు చేసే అవ్వ" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. తంతు అంతా వివరించాను. ఆమె పెన్ను పక్కన పెట్టి విని, "మంచి ఆచారమే" అంది. మా అత్తకు ఈ మాట చెబితే ఎంత గర్వపడిందో! ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది, మా ఆచారాన్ని గుంటూరు డాక్టరు మెచ్చుకుందని.

మిషన్లు వచ్చిన మర్నాడు అవ్వకు కబురు పెట్టాం. వచ్చింది. చెవి వెనక గోధుమరంగు మిషన్‌ను వంగి చూసింది. వేలు లేచింది. "అవ్వా, దాన్ని కొట్టొద్దు" అని అరిచాను. ఆ వేలికి అడ్డూ అదుపూ లేదని నాకు తెలుసు. "కొట్టన్లే" అని నవ్వి, గోడకు తగిలించి ఉన్న పాప పలకను తీసుకుని, పాప వెనక్కి వెళ్ళి కొట్టింది.

పాప గిరుక్కున తిరిగింది.

నేను ఏడ్చాను. అత్త ఏడ్చింది. మామ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ మాత్రం పలకను మేకుకు తగిలించి చాప మీద కూర్చుంది.

"ఇప్పుడైంది అచ్చరాబ్యాసం. శెట్టెమ్మా, తాంబూలం తే."

అత్త కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం తెచ్చింది. అందులో కుంకుమ భరిణె ఉంది.

ఒక్క విషయంలో మాత్రం అవ్వకూ నాకూ పడలేదు. మాటలు నేర్పే టీచరు దగ్గరికి నెలనెలా గుంటూరు తిరిగాను, ఇంట్లో ప్రతి వస్తువుకూ పేరు పదిసార్లు చెప్పాను, పాప బడికి పోయింది, ఇప్పుడు ఒకటో తరగతిలో గలగలా మాట్లాడుతుంది. అంతా బాగుంది. కానీ పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోయేటప్పుడు నేను దానికి జుట్టు వదిలేసి చెవుల మీదికి దువ్వుతాను. ఎవరో ఒకరు "అయ్యో, ఏమైంది పాపకు?" అని అంటారు. ఆ అయ్యో నాకు పడదు. పాపకు పడదని చెప్పుకునేదాన్ని. పాప ఎప్పుడూ ఆ మాట అనలేదు.

పోయినేడు మా వీధిలో ఒక గృహప్రవేశానికి అవ్వ వచ్చింది, గచ్చు కొట్టి చూడమని ఇంటివాళ్ళే పిలిచారట. నా కూతుర్ని దగ్గరికి తీసుకుని, చెవుల మీది జుట్టు రెండు చేతులతో వెనక్కి తోసింది. అందరి ముందే.

"ఏంది కోడలుపిల్లా ఇది? పలక మీద గుడ్డ గప్పి కొడితే ఏం పలుకుతాది?"

"జనం అడుగుతారు అవ్వా."

"అడగనీ. నా పండ్లు ఊడినయ్యి, నేను నోరు మూసుకోని తిరుగుతుండానా?"

పాప పగలబడి నవ్వింది. నేను ఇంటికొచ్చి రెండు రోజులు అలిగాను. ఆ తర్వాత జరిగిన పెళ్ళికి కూడా జుట్టు చెవుల మీదికే దువ్వాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

వారం కిందట చిన్నోడికి పలకలు తెచ్చింది. ముందే ఎందుకంటే, మా అత్త వాటిని పసుపునీళ్ళతో కడుగుతుంది. "తడి పలక పలకదు శెట్టెమ్మా, కడిగితే కడిగినావు గానీ ఆరేదాకా ముట్టద్దు" అని ప్రతిసారీ చెప్పి పోతుంది. ఈసారి కొంచెం ఆయాసపడుతూ చెప్పింది. మెట్ల మీద కూర్చుని, చిన్నోడి నోటికి తాళం పడకపోవడం కాసేపు చూసి, "వీడికి పలకతో పన్ల్యా, వీడే మోగుతుండాడు" అని నవ్వింది. అదే ఆఖరు.

నిన్న పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసింది. అత్త అప్పుడే శనగలు ఏరుతోంది. నేను చెప్పగానే చాట కింద పెట్టింది.

"ఎల్లుండి శుభకార్యం పెట్టుకోని చావు కాడికి పోతారా ఎవురన్నా?" అంది. నేను వాదనకు సిద్ధమయ్యాను. అత్త లేచి చేతులు దులుపుకుంది. "రేపేగదా మట్టి? ఆటోకు చెప్పు. ఇద్దరం పోదాం. వచ్చినాంక బయటి కొళాయి కాడ్నే తలకు పోసుకుందాం."

ఇవాళ అక్కడ అవ్వ పేరు మొదటిసారి విన్నాను. పాస్టరు గారు పెద్దగా చదివారు. ఇక్కడ రాయను. ఆ పేరుతో మా వీధిలో ఎవరు పిలిచినా ఆమె పలికేది కాదు. చర్చి గుమ్మం పక్కన పలక తగిలించి ఉంది, పోయిన ఆదివారం పాటల నంబర్లతో. నాలుగు నంబర్లు, గుండ్రంగా, బలపం గట్టిగా నొక్కి రాసినవి. ఇవాళ పాడిన పాటలు వేరేవి. ఆ పలక మాత్రం ఎవరూ తుడవలేదు.

మా అత్త శవపెట్టె దగ్గర నిలబడి వంగింది. ఏదో దండం పెట్టుకుంటోందనుకున్నాను. చిన్నగా చెప్పింది, నాకు మాత్రమే వినబడేలా. "చూడు, ఇయ్యాళ మర్చిపోలా నేను. కుంకం తేలేదు."

ఇద్దరం ఇంటికొచ్చాం. తలకు పోసుకుని, కాఫీ తాగాక, అసలు సమస్య బయటికొచ్చింది. రేపు పలకలు ఎవరు కొడతారు?

"ఆ ముక్క ఇడిసిపెడదాం. బియ్యంలో రాపిస్తే సాలు గదా" అన్నాడు మామ.

"నేను కొడ్తాలే" అన్నాడు మా ఆయన.

"నువ్వా?" అంది అత్త. "పిలిస్తే పలకనోనివి, నువ్వు పలకలు పలికిస్తావా!"

అత్తకు చేతులు వణుకుతాయట. నన్ను కొట్టమన్నారు. నేను కుదరదన్నాను. చిన్నోడు నా ఒళ్ళో ఉండాలి కదా అన్నాను. అసలు కారణం అది కాదు. వాడికి అన్నీ వినబడతాయి, పక్కింట్లో బిస్కెట్ ప్యాకెట్ చింపితే పరిగెత్తుతాడు. అయినా ఆ మూడు పలకలూ కొట్టి, వాడి తల వైపు చూస్తూ నిలబడే ధైర్యం నాకు లేదు. ఇంకోసారి లేదు.

ఏమీ తేల్చకుండానే అందరూ పడుకున్నారు. పాప పడుకునే ముందు మిషన్లు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి, మూత వేసి నాకు ఇచ్చింది. ఆ తర్వాత దాని లోకంలో చప్పుళ్ళు తగ్గుతాయి. నిద్రలో చెయ్యి మాత్రం గోడ మీద ఆనించి పడుకుంటుంది. ఎప్పటి నుంచి ఈ అలవాటో గుర్తులేదు. పక్కగదిలో వాళ్ళ తాత గురక గోడలోంచి చేతికి తెలుస్తుందని మొన్నెప్పుడో చెప్పింది.

ఇంతవరకు రాసి, లేచి వెళ్ళి ఒక పలకను మూల పట్టుకుని చూశాను. ఆరింది. కొట్టలేదు.

తెల్లారింది. పూజారి గారు ఇంకా రాలేదు కాబట్టి ఈ నాలుగు ముక్కలు కూడా రాసేస్తున్నాను. పిల్లలిద్దరికీ తలంటి పోసి, జుట్టు ఆరాక మంచం మీద కూర్చోబెట్టి, పాప డబ్బాలోంచి మిషన్లు తీసి పెట్టుకున్నాక, అవ్వ లేదని ముందు చెప్పాను. ఇక రాదని చెప్పాను. చిన్నోడు "పలకలు?" అన్నాడు. పలకలు ఉన్నాయని చెప్పాను.

దువ్వెన తీసుకుని పాప వెనక కూర్చున్నాను. పాప అలవాటు కొద్దీ జుట్టు చెవుల మీదికి లాక్కుంది.

"వద్దు" అన్నాను. "ఇయ్యాళ రెండు జడలేస్తా. గట్టిగా, పైకి. చెవులు బయటికుండాల."

"అందరూ చూస్తారు గదమ్మా?"

"చూడనీ. ఇయ్యాళ పలకలు కొట్టేది నువ్వే. అందరూ నిన్నే చూస్తారు."

పాప మెడ తిప్పి నన్ను చూసింది. సగం అల్లిన జడ నా చేతిలో ఊడిపోయింది. నవ్వుతున్నానా అని చూసింది. నేను నవ్వడం లేదు. అప్పుడు వేలు మడిచి మంచం పట్టె మీద ఒకసారి కొట్టింది, అచ్చం అవ్వలాగే.

చిన్నోడికి చెప్పాను. "నువ్వు నా ఒళ్ళో కూర్చోవాల. ఎనక్కి చూడకూడదు. అక్క మూడు పలకలు కొడతాది. నీకు ఏది నచ్చితే దానికి తిరుగు. తొందరేం ల్యా."

వాడు అప్పుడే మూడుసార్లు వెనక్కి తిరిగాడు.

రెండో జడకు రిబ్బన్ కడుతుంటే పాప అడిగింది.

"అమ్మా, మూడింటికీ వాడు తిరగకపోతే?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. మూడేళ్ళ కిందట, మా హాల్లోనే, నా కళ్ళ ముందే జరిగింది.

"వాడి ముందుకొచ్చి కూర్చో" అని చెప్పాను. "వాడి చెయ్యి తీసి పలక మీద పెట్టు. అప్పుడు కొట్టు."